గుల్లల తేట

తెలుగువారి వంటయింటిలో తేట అను మాటకు ఒక గౌరవము కలదు. ఉడికిన కందిపప్పుమీద తేరిన నీటిని కట్టు అని పిలిచి, దానితో కట్టుచారు కాచుకొందుము. మజ్జిగమీద తేరిన నీటిని తేట అందుము. జ్వరముపడి లేచినవానికి మొట్టమొదట ఇచ్చునది గంజితేటయే. పొలములో కష్టపడి వచ్చినవాని కడుపునకు చిక్కనిది కావలెను గాని, నీరసించినవాడు తేరుకొనుటకు తేటయే తగినదని మన తల్లులు ఎరుగుదురు. బురదనీరు నిలిచి నిర్మలమగుటకును, మనిషి దుఃఖమునుండి లేచుటకును మనకు ఒకటే మాట ఉన్నది, అది తేరుకొనుట. ప్రియ చదువరులారా, ఈ నెల నేను వ్రాయబోవునది అట్టి యొక తేటను గూర్చియే. అది పప్పుది కాదు, మేకమాంసముది కాదు. సముద్రపు బురదలో పెరుగు గుల్లలది.

మెట్టప్రాంతములలో ఉన్న మన సంఘస్థులలో కొందరు ఈ గుల్లలను చూచియుండరు. చెరువులలోను వరిమళ్లలోను దొరకు నత్తలు వేరు, ఇవి వేరు. గుల్లకు రెండు చిప్పలుండును. అవి మూతవేసిన డబ్బీవలె ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండును. లోపల మెత్తని మాంసమును, కొంచెము ఉప్పురసమును ఉండును. ఏటినీరు సముద్రపు నీటితో కలియు చోట, లోతులేని బురదలో ఇవి బ్రదుకును. కాకినాడ అఖాతము వీటికి పేరుగాంచిన స్థలము. అక్కడ గోదావరి పాయలు కోరింగ మడ అడవుల గుండ వచ్చి సముద్రములో పడును. హోప్ ఐలాండ్ అను పొడవైన ఇసుకదిబ్బ అలలకు అడ్డముగా నిలిచియున్నందున అఖాతములో నీరు నెమ్మదిగా ఉండి, విశాలమైన బురదనేలలు ఏర్పడినవి. ఆటు సమయమున, అనగా నీరు వెనుకకు తీసినప్పుడు, అక్కడి ఆడవారును మగవారును మోకాలిలోతు, నడుములోతు నీటిలో దిగి, కాళ్లతో తడిమి, చేతులతో తీసి, గుల్లలను సంచులకు నింపుకొందురు.

మీరు గుల్లలను ఎన్నడును తినకపోయినను వాటివలన మేలు పొందియే యుందురు. ఆ చిప్పలను బట్టీలో కాల్చి నీళ్లు చల్లినయెడల గుల్లసున్నము వచ్చును. క్రిస్మసు పండుగకు గుడిగోడలకు కొట్టు వెల్లకును, తాంబూలములో వేయు సున్నమునకును, పాతకాలపు మేడల గచ్చునకును ఎన్ని గుల్లలు కాలినవో ఎవరు లెక్కింపగలరు? ఈ విధముగా చిప్ప గౌరవముగా ఊరూర తిరిగెను. లోపలి మాంసమునకు మాత్రము ఆ గౌరవము దక్కలేదు. దానిలో కొంత రొయ్యలకు మేతగా పోయెను. మిగిలినది తీరమున ఉన్న బీదల కూటిలోనికి వచ్చెను. బీదవారు తినునది గనుక అది తక్కువదని లోకము తీర్పు తీర్చెను.

నేను కాపురముండు చిక్కడపల్లి ఏ సముద్రమునకైనను కొన్ని వందల కిలోమీటర్ల దూరమున ఉన్నది. మాకు ఒక ప్రక్క నారాయణగూడ; అక్కడ వై.ఎమ్.సి.ఎ.యు, మన క్రైస్తవుల సమాధుల తోటయు ఉన్నవి. మరియొక ప్రక్క అశోక్‌నగర్. దానిని దాటినయెడల హుస్సేన్‌సాగర్ దిగువనున్న లోయర్ ట్యాంక్‌బండ్ వచ్చును. 1964లో రాజమండ్రిలో ఏర్పడి, 1973లో ఇక్కడికి తరలివచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఆ దారిలోనే ఉన్నది. నేను చదువుకొన్నదియు అక్కడనే. మా కూరగాయలు చిక్కడపల్లి బజారులోను, చేపలు రాంనగర్ చేపల బజారులోను కొందుము. మృగశిర కార్తె ప్రవేశించునాడు ఆ బజారులో కాలు పెట్ట సందుండదు. రవ్వ, కొరమీను, రొయ్య, పీత, అన్నియు అక్కడ దొరకును. గుల్లలను మాత్రము నేను అక్కడ చూచినది అరుదు.

అశోక్‌నగర్‌కు ఇప్పుడు ఒక ప్రత్యేకమైన పేరు వచ్చినది. సర్కారు ఉద్యోగముల పోటీ పరీక్షలకు చదువు యువతీయువకులు రాష్ట్రము నలుమూలలనుండి వచ్చి అక్కడి కోచింగు సెంటర్లలో చేరుదురు. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు ఉందురు. పగలంతయు నగర కేంద్ర గ్రంథాలయములో కూర్చుండి చదువుదురు. కుర్చీ దొరకనివారు మెట్లమీదను, చెట్లక్రిందను కూర్చుందురు. వారిలో కొందరు ఆదివారము మా ఆరాధనకు వచ్చుచుందురు. అట్లు వచ్చు వారిలో ఒకడు కోరింగ వైపు పల్లెవాడు. రెండు పర్యాయములు పరీక్ష వ్రాసి తప్పి, మూడవ పర్యాయము చదువుచుండెను. మాటలు తక్కువవాడు. పండుగలకు కూడ ఇంటికి పోవుట మానివేసెను.

ఒక శనివారము ఉదయము అతడు ఒక తడి గోనెసంచిని భుజముమీద పెట్టుకొని మా గుమ్మము ముందు నిలిచెను. సంచినుండి నీళ్లు కారుచుండెను. వాళ్ల ఊరివాడొకడు గౌతమి ఎక్స్‌ప్రెస్సులో వచ్చుచు, ఆ సంచిని తల్లి పంపినదని చెప్పి ఇచ్చిపోయెనట. గదిలో పెట్టగా తోటివారు వాసన అని ముఖము చిట్లించిరట.

"అయ్యగారూ, వీటిని ఎక్కడైనా పారబోయొచ్చా? చెత్తబండి వాళ్లు పట్టుకెళ్లమన్నారు," అని అడిగెను.

నా భార్య నల్లగొండ జిల్లాలో పుట్టినది. సంచి మూతి విప్పి చూచి, "ఏమండీ, ఇవి రాళ్లు కావా?" అనెను. ఆ కుర్రవాడు ఆ మాటకైనను నవ్వలేదు. "మా అమ్మ పంపింది అమ్మగారూ. గుల్లలు," అని నేలచూపు చూచెను.

"తల్లి పంపినది పారబోయవద్దు నాయనా. లోపలికి రా, వండుకొందము," అంటిని. అన్నానే గాని, మా యింట ఎవరును ఎన్నడును గుల్లలు వండియుండలేదు. అయితే నా నోటుపుస్తకములో ఒక వంట వ్రాసియుండెను. కొన్ని సంవత్సరముల క్రిందట అమెరికాలోని రోడ్ ఐలాండ్‌నుండి వచ్చిన ఒక వృద్ధ సహోదరి మా యింట రెండు దినములు బసచేసెను. మా మిరియాల చారు త్రాగి, తమ ఊరిలో గుల్లలతో కాచు చౌడరు కూడ ఇట్లే తేటగా ఉండునని చెప్పి, దానిని చేయు విధమును నాచేత వ్రాయించెను.

చౌడరు అనగా ఆ దేశపు తూర్పు తీరమున బెస్తవారి కుండలో పుట్టిన వంట. బోస్టను పత్రికలో 1751లోనే చేపల చౌడరు చేయు విధము అచ్చుపడినది. ఉల్లిపాయలు, పంది కొవ్వు, చేపలు, గట్టి రొట్టె వరుసలు వరుసలుగా పేర్చి ఉడికించునదే ఆనాటి విధము. పాలును, బంగాళాదుంపలును తరువాత వచ్చినవి. ఇప్పుడు అది మూడు విధములుగా ఉన్నది. బోస్టను వైపువారు పాలు, మీగడ పోసి తెల్లగా చేయుదురు. న్యూయార్కువారు టమాటాలు వేసి ఎర్రగా చేయుదురు. ఈ టమాటాలమీద ఎంత పట్టుదల పుట్టెననగా, 1939లో మెయిన్ రాష్ట్రపు శాసనసభలో ఒక సభ్యుడు చౌడరులో టమాటా వేయుటను నిషేధింపవలెనని బిల్లు తెచ్చెను! రోడ్ ఐలాండ్ దక్షిణ తీరపువారు మాత్రము పాలును వేయరు, టమాటాయు వేయరు. గుల్లల రసము, ఉల్లి, బంగాళాదుంప, కొంచెము కొవ్వు, అంతే. వారి గుల్ల జాతి వేరు, మన గుల్ల జాతి వేరు. అయినను రెండును బురదలో పెరుగునవే, రెండింటిలోను సముద్రపు ఉప్పే. ఆ రాష్ట్రమువారు 1987లో తమ గుల్లను రాష్ట్రపు చిహ్నములలో ఒకటిగా చేసికొనిరి.

ఇక్కడ మన విశ్వాసులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. మోషే ధర్మశాస్త్రములో, లేవీయకాండము పదునొకండవ అధ్యాయమున, రెక్కలును పొలుసులును లేని జలచరములను ఇశ్రాయేలీయులు తినకూడదని ఉన్నది గదా, గుల్లలు తినవచ్చునా అని. యొప్పేలో పేతురు చూచిన దర్శనమును గూర్చి అపొస్తలుల కార్యములు పదియవ అధ్యాయము చదివినయెడల దీనికి జవాబు దొరకును. ఆ దర్శనము ముఖ్యముగా భోజనమును గూర్చినది కాదు, మనుష్యులను గూర్చినది. ఏ మనుష్యుడును అపవిత్రుడని ఎంచబడకూడదు అనునదే దాని సారము. ఒకడు తినునదానినిబట్టి వానిని తక్కువచేయు అలవాటు మన దేశములో ఎంత లోతుగా నాటుకొన్నదో మీకు నేను చెప్పనక్కరలేదు. తినుటకు మనస్సు ఒప్పనివాడు తినకుండవచ్చును. తినువానిని మాత్రము హీనపరచకూడదు.

ఇప్పుడు వంట సంగతి చెప్పుదును. సముద్రతీరమున ఉన్నవారు ఇంటివద్దనే చేసికొనవచ్చును.

మొదట నేను సంచిలోని గుల్లలను నీళ్ల బక్కెటులో వేయబోగా, ఆ కుర్రవాడు ఒక్క అడుగున ముందుకు వచ్చి, "మంచినీళ్లలో వద్దు అయ్యగారూ, చచ్చిపోతాయి," అనెను. లీటరు నీటికి 30 గ్రాముల ఉప్పు, అనగా రెండు పెద్ద చెంచాలు, కలిపి సముద్రపు నీటివలె చేయవలెననెను. గిన్నె అడుగున చిల్లుల పళ్లెమును బోర్లించి, దానిమీద గుల్లలను పరచి, ఆ ఉప్పునీరు పోసి, గుడ్డ కప్పి చీకటిలో ఉంచెను. రెండు మూడు గంటలలో గుల్లలు నోరు కొంచెము తెరచి లోపలి ఇసుకను కక్కును. ఆ ఇసుక పళ్లెపు చిల్లులలోనుండి క్రిందికి దిగును గనుక అవి దానిని మరల పీల్చుకొనవు. ఇది ఎవరు నేర్పిరని అడిగితిని. "మా అమ్మ," అనెను.

తరువాత బ్రదికియున్నవాటిని ఏరుట. నోరు తెరచియున్న గుల్లను వ్రేలితో తట్టినయెడల బ్రదికియున్నది వెంటనే మూసికొనును. మూసికొననిది చచ్చినది, దానిని పారవేయవలెను. మూసియున్నవాటిని రెండేసి తీసికొని ఒకదానితోనొకటి తట్టుచు అతడు వినుచుండెను. గులకరాళ్లవలె గట్టిగా మ్రోగినవి మంచివి; డొల్లగా మ్రోగినవి చెడినవి. అతని చేతులు ఎంత వేగముగా ఆడెననగా, నేను పది చూచులోగా అతడు నూరు ఏరెను. గ్రంథాలయములో పుస్తకముముందు కూర్చుండి కళ్లు నులుముకొను కుర్రవాడేనా వీడు అని నాకు తోచెను. గాళ్లుగల దళసరి చిప్పల గుల్లలను అతడు వేరుగా తీసిపెట్టెను. వాటి లోపల రక్తమువంటి ఎర్రని రసము ఉండునట. తేటకు నున్నని చిప్పల గుల్లలే మేలు.

ఐదుగురికి సరిపడుటకు చిప్పలతో కూడ 2 కిలోల గుల్లలు తీసికొనుడి. చిప్పలను బాగుగా రుద్ది కడిగి, పెద్ద గిన్నెలో వేసి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, మూతపెట్టి, పెద్ద మంటమీద ఉంచుడి. ఐదారు నిమిషములలో చిప్పలు టకటక తెరచుకొనును. అన్నియు తెరచుకొన్న తరువాత కూడ మరి నాలుగైదు నిమిషములు ఉడుకనిండు; తొందరపడకుడి. అంత ఉడికినను తెరచుకొననివాటిని కత్తితో తెరువక పారవేయుడి. మాంసమును చిప్పలనుండి తీసి చిన్న ముక్కలుగా కోసి ప్రక్కన పెట్టుడి. 2 కిలోలకు మూడు నాలుగు గుప్పెళ్ల మాంసము మించదు. సారమంతయు ఆ నీటిలోనే ఉన్నది.

ఆ నీరు గిన్నెలో చూచుటకు బూడిద కలిపినట్లు మడ్డిగా ఉండును. నా భార్య దానిని చూచి, "పసుపైనా వేయరా? కొంచెం అల్లం, వెల్లుల్లి?" అనెను. వద్దంటిని. మడ్డిని కప్పుటకు పసుపు పనికివచ్చును గాని, దానిని తీసివేయలేదు. ఆ నీటిని లోతైన పాత్రలోనికి వంచి, కదపక ఇరువది నిమిషములు ఉంచవలెను. మడ్డి అడుగునకు దిగును. తరువాత పలుచని గుడ్డను రెండు మడతలు వేసి, పైనీటిని మెల్లగా వడకట్టి, అడుగున మిగిలిన వ్రేలెడు నీటిని ఇసుకతో కూడ విడిచిపెట్టవలెను. ఈ వంటలో మనము చేయవలసిన గొప్ప పని ఆ ఇరువది నిమిషములు ఏమియు చేయకుండుటయే.

ఆ ఇరువది నిమిషములలో అతడు నోరు తెరచెను. గదిలో తోటివారు అమ్మ ఏమి చేయునని ఒకసారి అడిగిరట. "కిరాణా కొట్టుందని చెప్పాను అయ్యగారూ. అప్పట్నుంచి ఫోను వస్తే బయటికెళ్లి మాట్లాడుతున్నాను," అనెను. తల్లి తెల్లవారకముందే నీటిలోనికి దిగునట. ఎక్కువసేపు నానుటవలన పాదములు పగుళ్లువారునట; చిప్పల అంచులు చేతివ్రేళ్లను కోయునట. ఆ కూలిలోనుండియే అతని గది అద్దెయు, కోచింగు సొమ్మును వచ్చుచున్నవి. రెండు పర్యాయములు తప్పిన తరువాత ఏ ముఖముతో ఇంటికి పోవుదునని అతని బాధ. నేను వెంటనే జవాబు చెప్పలేదు. వాక్యము చెప్పుటకు నోరు వచ్చెను గాని, అది సమయము కాదని ఊరకుంటిని. ఉల్లిపాయలు తరుగుమని కత్తిపీట అతని ముందుకు జరిపితిని.

ఉల్లిపాయలు రెండు చాలును. రోడ్ ఐలాండ్‌వారు ఉప్పు పెట్టిన పంది కొవ్వును కరగించి అందులో వేయించుదురు. మా వీధిలో అన్ని మతములవారు ఒకరింటికి ఒకరు గిన్నెలు పంపుకొందుము గనుక నేను రెండు చెంచాల వెన్న వేసితిని. ఉల్లి మెత్తబడవలెను గాని ఎర్రబడకూడదు. ఎర్రబడినచో తేట రంగు మారును. అందులో మూడు బంగాళాదుంపలను చిన్న ముక్కలుగా కోసి వేసి, వడకట్టిన గుల్లల నీటిని పోసి, అంతయు లీటరుంబావు అగునట్లు మంచినీరు చేర్చి, ఒక బిర్యానీ ఆకు వేసి, సన్నని మంటమీద పదునైదు నిమిషములు ఉడికించుడి. దుంప మెత్తబడిన తరువాత గుల్లల మాంసమును వేసి, ఒక్క పొంగు రాగానే దించుడి. మరల ఎక్కువసేపు ఉడికినయెడల మాంసము రబ్బరువలె సాగును. మిరియాల పొడియు, సన్నగా తరిగిన కొత్తిమీర కాడలును చల్లుడి. ఉప్పు మాత్రము రుచిచూడక వేయకుడి. గుల్ల తన ఉప్పును తానే తెచ్చుకొనును.

గిన్నెలో చూడగా అడుగున ఉన్న దుంప ముక్కలు లెక్కపెట్టవచ్చును. అంత తేటగా ఉండెను. నా భార్య ఒక గుక్క త్రాగి, "ఇది పెండ్లిళ్లలో పోసే మరగ్‌లా ఉన్నదండీ," అనెను. హైదరాబాదు విందులలో మొదట ఇచ్చు పలుచని మాంసపు రసమును మరగ్ అందురని మీలో కొందరు ఎరుగుదురు. అది అరబ్బీ మాట. న్యాయాధిపతుల గ్రంథము ఆరవ అధ్యాయములో గిద్యోను మేకపిల్లను వండి, మస్తకి చెట్టు క్రిందికి తెచ్చిన రసమునకు హెబ్రీ భాషలో ఉన్న మాటయు ఇదే, మారాక్. ఈ రెండు భాషలును అక్కచెల్లెండ్రు గనుక, గిద్యోను కుండలోని మాట మన నగరపు పెండ్లి పందిళ్లలో నేటికిని వినబడుచున్నది.

కుర్రవాడు మాత్రము ఏమియు మాటలాడలేదు. సగము గిన్నె త్రాగిన తరువాత తల యెత్తి, "ఇది మా అమ్మ చేసేదే అయ్యగారూ. బంగాళాదుంపా వెన్నా వెయ్యదు, పచ్చిమిరపకాయ వేస్తుంది. వేటకెళ్లేవాళ్లకి తెల్లవారుజామున ఇస్తుంది. అమెరికావాళ్లది అన్నారేంటి?" అనెను.

అప్పుడు నేను అతనికి రోజర్ విలియమ్స్ సంగతి చెప్పితిని. సంఘ చరిత్ర చదివినవారు ఆ పేరు ఎరుగుదురు. మనస్సాక్షి విషయములో ప్రభుత్వము చేయిపెట్టకూడదని బోధించినందుకు మసాచుసెట్స్‌వారు 1635లో అతనికి బహిష్కారము విధించిరి. చలికాలములో అడవిబడి పోయి, ఆ నేలవారైన నర్రగాన్సెట్ ప్రజల దయవలన స్థలము సంపాదించి, 1636లో ప్రావిడెన్స్ అను ఊరిని స్థాపించెను. 1638లో అక్కడ సమకూడిన సంఘమే అమెరికాలో మొదటి బాప్తిస్టు సంఘము. అతడు ఆ ప్రజల మధ్య తిరిగి, వారి భాష నేర్చుకొని, దానిని గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. అది 1643లో లండనులో అచ్చయ్యెను. ఆ పుస్తకములో గుల్లల ప్రస్తావన ఉన్నది. నీరు తీసినప్పుడు స్త్రీలు వాటిని త్రవ్వి తీయుదురనియు, చలికాలమందును వేసవియందును వాటిని ఇష్టముగా తిందురనియు, వాటి సహజమైన రసముతోనే ఉడికించి, ఉప్పునకు బదులుగా ఆ రసమే తమ జావకును రొట్టెకును రుచి నిచ్చునట్లు చేసికొందురనియు అతడు వ్రాసెను. అనగా, ఆ తేటకు మొదటి ఉపాధ్యాయులు అక్కడికి వలసవచ్చిన తెల్లవారు కారు. బురదలో దిగిన ఆ నేల స్త్రీలే. కేంబ్రిడ్జిలో చదివిన ఒక బోధకుడు వారి పనిని చూచి, దాని పేరు అడిగి తెలిసికొని, గౌరవముగా పుస్తకమునకు ఎక్కించెను.

"పుస్తకంలో రాశాడా? ఆడవాళ్లు గుల్లలు తియ్యడం గురించి?" అని అతడు రెండు మార్లు అడిగెను. సంవత్సరమును, పుస్తకపు పేరును చీటీమీద వ్రాసికొనెను. పరీక్షలలో అడుగు ప్రశ్న అది కాదని నేననగా, "తెలుసండీ," అని మొదటిసారి నవ్వెను.

మిగిలిన తేటను నా భార్య క్యారియరులో పోసి ఇచ్చెను. మరుసటి దినము ఆరాధనకు వచ్చినప్పుడు క్యారియరును కడిగి తెచ్చి, "అందరూ తాగారు అమ్మగారూ. మా అమ్మ తీసి పంపిందని చెప్పాను," అనెను. వారు ఏమనిరో మేము అడుగలేదు, అతడును చెప్పలేదు. ఆ సంవత్సరము క్రిస్మసుకు మాత్రము ఇంటికి పోయెను. పరీక్ష ఫలితము ఈ వ్రాత వ్రాయునాటికి ఇంకను రాలేదు.

తీరప్రాంతపు సహోదరీ సహోదరులారా, ఈ వంట చేసికొనువారికి కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగించెదను. గుల్ల తానున్న నీటిని దినమంతయు పీల్చి వడకట్టి బ్రదుకును. కనుక నీటిలోని మురికియు దానిలో చేరును. మురుగుకాలువలు, కర్మాగారముల నీరు కలియు చోట తీసిన గుల్లలను తినకుడి. మా హుస్సేన్‌సాగర్ నాలావంటి నీటిలో ఏది దొరికినను ముట్టరాదు. 1988లో షాంఘై నగరములో సరిగా ఉడకని గుల్లలు తినుటవలన దాదాపు 3 లక్షల మందికి కామెర్లు వచ్చినవి. చిప్ప తెరచుకొనగానే దించక, నేను చెప్పినట్లు మరి కొంతసేపు ఉడికించుడి. సముద్రపు నీరు ఎర్రగానో, పచ్చగానో రంగు మారిన దినములలో అసలు తీయకుడి. అప్పుడు గుల్లలలో చేరు విషము ఎంత ఉడికించినను పోదు. రొయ్యలు, పీతలు తిన్నప్పుడు దద్దురులు లేచువారు గుల్లలను ముట్టకుండుట మేలు. దూరము పంపవలసివచ్చినయెడల తడి గోనెలో చుట్టి చల్లగా పంపుడి, మంచినీటిలో ముంచకుడి. చిన్నవాటిని బురదలోనే విడిచిపెట్టుడి. అవి పెరిగి గుడ్లు పెట్టిననే గదా రేపటి సంవత్సరము మీ సంచి నిండును.

మెట్టప్రాంతపువారలారా, మీకు గుల్లలు దొరకకపోవచ్చును. కాని మీ పల్లెలలోను తల్లులు నీటిలోనో, ఎండలోనో, పొగలోనో నిలిచి బిడ్డలను పట్టణములకు పంపి చదివించుచున్నారు. అక్కడ చదువుకొను కుమారులారా, కుమార్తెలారా, మీ అమ్మ ఏమి పని చేయునని ఎవరైన అడిగినయెడల, ఉన్నది ఉన్నట్లు చెప్పుడి. ఫోను వచ్చినప్పుడు బయటికి పోనక్కరలేదు. నలుగురి మధ్యనే కూర్చుండి మాటలాడుడి.